ఆపరేషన్ మచ్చ గట్టిపడితే...

రొమ్ము కాన్సర్ వచ్చి రొమ్ము తీసివేసిన తర్వాత, పొట్ట నుంచో వీపు నుంచో కండ తెచ్చి, లేదా సిలికోన్ సంచీ అమర్చి, మళ్ళీ రొమ్ము ఆకారం కల్పిస్తారు ప్లాస్టిక్ సర్జన్లు. ఆపరేషన్ చక్కగా జరిగినా, నెల తిరిగేసరికి కొందరికి కుట్ల వెంబడి చర్మం ఎర్రబడి, ఉబ్బి, చేతికి తాడులా తగులుతుంది. దురద పెడుతుంది. చెయ్యి ఎత్తితే లాగుతుంది. జబ్బు తిరగబెట్టిందేమోనని ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయే స్త్రీలున్నారు.

చాలావరకు ఇది గాయం మానే తీరే. తెగిన చోటును శరీరం కొలాజెన్ అనే పీచు పదార్థంతో అతుకుతుంది. మొదటి కొద్ది నెలలూ మచ్చ గట్టిగా ఉండి, తర్వాత నెమ్మదిగా మెత్తబడుతుంది. ఇందుకు ఏడాది, ఒక్కొక్కరికి ఏడాదిన్నర పైగా పడుతుంది. మచ్చ పూర్తిగా మాయం కాదు. కాని పలచబడేటట్టు చేసుకోవచ్చు.

గాయం పూర్తిగా మాని, పెచ్చులు రాలిపోయాక, మీ సర్జన్ సరేనంటే మర్దన మొదలుపెట్టండి. వేలి కొనలతో మచ్చ మీద నొక్కి, గుండ్రంగానూ, పైకీ కిందికీ, పక్కలకూ కదపండి. రోజుకు రెండు మూడుసార్లు, 5 నుంచి 10 నిమిషాలు చాలు. పొట్ట మీద, వీపు మీద ఉన్న మచ్చలనూ మరవకండి. "ఏ నూనె మంచిది?" అని అడుగుతుంటారు. వాసనలు కలపని కొబ్బరినూనె చాలు. గుణం నూనెలో కన్నా వేళ్ళలోనే ఎక్కువ. మానని గాయానికి మాత్రం పసుపు, ఆకు పసరు లాంటివి పెట్టవద్దు.

మందుల షాపుల్లో దొరికే సిలికోన్ పట్టీని రోజుకు 12 గంటలకు తగ్గకుండా రెండు మూడు నెలలపాటు అంటించుకుంటే మచ్చ అణుగుతుంది. డాక్టరు చెప్పిన చేతి వ్యాయామాలు మానవద్దు. పొగాకు ఏ రూపంలోనూ వద్దు. అది రక్తప్రసారాన్ని తగ్గించి గాయాన్ని మాననివ్వదు.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. లాగుతోందని వేడినీళ్ళ సంచీతో కాపడం పెట్టకండి. కొత్త రొమ్ముకు స్పర్శ సరిగా ఉండదు. చర్మం కాలుతున్నా మీకు తెలియదు. అలా బొబ్బలెక్కి ఆసుపత్రికి వచ్చినవారున్నారు.

మచ్చ గాయం హద్దు దాటి పెరుగుతుంటే అది కీలాయిడ్ కావచ్చు, దానికి ఇంజెక్షన్లున్నాయి. సంచీ అమర్చిన రొమ్ము రానురాను బిగుసుకుని ఆకారం మారితే, సంచీ చుట్టూ ఏర్పడిన పొర ముడుచుకుంటోందన్నమాట. రేడియేషన్ తీసుకున్నవారిలో ఇది ఎక్కువ. మర్దనతో పోయేది కాదు, సర్జన్‌కు చూపించాలి. ఎరుపు వ్యాపించినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయవద్దు.

కొత్తగా గడ్డ తగిలితే అది మచ్చే కావచ్చు, లోపల గట్టిపడిన కొవ్వే కావచ్చు. అయినా "మచ్చే కదా" అని మీకు మీరే సర్దిచెప్పుకోకండి. ఆ మాట పరీక్ష చేసి డాక్టరు చెప్పాలి.