కట్టివేత పెంపకం కాదు

ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో నన్నయభట్టు సరమ వృత్తాంతాన్ని చెప్పాడు. జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తున్నప్పుడు సారమేయుడనే కుక్కపిల్ల అక్కడికి వచ్చి తిరుగాడింది. రాజు తమ్ములు దానిని కొట్టారు. తల్లి సరమ రాజు ఎదుట నిలిచి, మంచిచెడ్డలు విచారింపక నిరపరాధులైన దుర్బలులకు కీడు చేసేవారికి అనుకోని భయాలు కలుగుతాయని హెచ్చరించింది. ఆ కుక్కపిల్ల చేసినదల్లా తిరుగాడడమే. అది దాని స్వభావం. స్వభావాన్ని తప్పుగా ఎంచి కుక్కను శిక్షించే అలవాటు నేటి ఇండ్లలోనూ ఉంది. కర్రకు బదులు గొలుసు వచ్చింది, అంతే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి కడప జిల్లా పట్టణాలలో వేసవి ఎంత తీవ్రమో అందరికీ తెలుసు. ఏప్రిల్, మే మాసాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ సాధారణం. మనిషికి ఒళ్లంతా చెమట పోసి శరీరం చల్లబడుతుంది. కుక్కకు ఆ వసతి లేదు. నాలుక చాచి రొప్పడమే దానికి ప్రధానాధారం. కాగిన తారురోడ్డు మీద నడిస్తే దాని పాదాలు బొబ్బలెక్కుతాయి. అందువల్ల వేకువజామున, చీకటి పడిన తరువాత బయట నడిపించి, పగలంతా ఇంటిలో ఉంచడమే ఉచితం. అయితే ఇంటిలో ఉంచడం వేరు, మెట్ల కమ్మికి కట్టివేయడం వేరు. వేళకింత సంగటి, గిన్నెడు నీళ్లు పెట్టినంత మాత్రాన యజమాని బాధ్యత తీరదు.

వేమన అల్పబుద్ధి గలవానికి చెప్పు కొరికే కుక్కను ఉపమానంగా చేశాడు. నిజానికి చెప్పు కొరకడం, తలుపు గీరడం, ఎడతెగక మొరగడం చాలా సందర్భాలలో దుర్గుణాలు కావు, పనిలేమికి గుర్తులు. వేల ఏండ్లుగా మనిషి వెంట వేటాడి, మందలు కాచి, ఇంటికి కావలి ఉన్న జాతి అది. దాని ఘ్రాణశక్తి మనిషి ఘ్రాణశక్తి కంటే ఎన్నో రెట్లు సూక్ష్మమైనది. వాసన పట్టి వెదకడమే దానికి పనీ, వినోదమూ. ఆ శక్తికి పని కల్పించకపోతే అది చెప్పుల మీద పడుతుంది.

పని కల్పించడానికి ధనం అక్కరలేదు. జొన్నరొట్టె ముక్కలను పాతగుడ్డ మడతలలో చుట్టి, గది మూలల దాచి వెదకించవచ్చు. ఇంటివారిలో ఒకరు తలుపు చాటున నిలిచి పేరు పెట్టి పిలిస్తే అదే దాగుడుమూతల ఆట. ముడివేసిన తాడును లాగనీయడం, కూర్చోమని, ఆగమని నేర్పి మెచ్చుకోవడం బుద్ధికి, శరీరానికి వ్యాయామమే. ముద్దు చేసి ఉల్లిపాయ వేసిన కూర, చాక్లెట్, ద్రాక్ష మాత్రం పెట్టరాదు. అవి కుక్కకు హానికరాలు. కడప బండలు పరచిన నేల దాని పడకకు చల్లగా ఉంటుంది. కాని నునుపైన బండ మీద పరుగెత్తిస్తే కాళ్లు జారి కీళ్లు దెబ్బతినవచ్చు. గోనెపట్టా పరచి ఆడించాలి. రొప్పు మితిమీరితే ఆట ఆపి నీరివ్వాలి. ఎంత పిలిచినా లేవక మందకొడిగా పడి ఉంటే పశువైద్యుని సంప్రదించాలి.

కట్టి ఉంచిన కుక్కే పౌరుషంతో ఇల్లు కాస్తుందని కొందరి నమ్మకం. నిరంతరం బంధంలో ఉన్న కుక్కకు భయం, కోపం పెరుగుతాయే కాని వివేకం పెరగదు. వచ్చినవాడు దొంగయో, బంధువో గుర్తించాలంటే అది మనుషుల మధ్య మెలగి ఉండాలి. మన చట్టం కూడా ఈ విషయాన్ని ఉపేక్షించలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు, ఇరుకు చోట బంధించి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం క్రూరత్వమే. కొట్టడం ఒక్కటే హింస కాదని ఆ చట్టం చెబుతున్నది.

చదువులకే సమయం చాలడం లేదని విద్యార్థులు అనవచ్చు. ఉదయం పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు ఆటకు కేటాయిస్తే ఇంటిలోని కుక్క దినచర్య మారిపోతుంది. పుస్తకం ముందు గంటల తరబడి కూర్చున్న విద్యార్థికి కూడా ఆ కాసేపు విశ్రాంతి దొరుకుతుంది. అంతమాత్రం సమయం కూడా ఇవ్వలేని ఇంటికి కుక్కపిల్లను తెచ్చుకోకపోవడమే ధర్మం. గొలుసు కొనడానికి ముందే ప్రతి కుటుంబమూ ఆలోచించుకోవలసిన విషయమిది.