రక్తము చూడని పొంతనలు

మన యిండ్లలో వివాహము తలపెట్టినంతనే మొదట పంచాంగము విప్పుదురు. గణము, యోని, రాశి, నాడి యని కూటములు లెక్కించి, 36 గుణములలో నిన్ని కలిసినవని సంతసింతురు. నాడీకూటము కుదరనిచో సంతానమునకు హాని యని మంచి సంబంధమునైనను విడిచెదరు. సంతానమును గూర్చి యింత విచారించు పెద్దలు, ఆ సంతానమునకు నిజముగా హాని చేయగల రక్తదోషమును గూర్చి యొక్క ప్రశ్నయైన నడుగరేమి?

తలసీమియా గ్రహములవలన రాదు. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి, చెడిన జన్యువులు రెండు కూడినపుడు వచ్చును. ఒక్కటి మాత్రమే కలవారు వాహకులు. వారు మనవలెనే తిరుగుచుందురు గావున పరీక్షింపనిదే తెలియదు. వాహకులిరువురు దంపతులైనచో ప్రతి గర్భమునందును వ్యాధి వచ్చుటకు నూటికి 25 పాళ్లవకాశము కలదు. అట్టి బిడ్డకు రెండు మూడు వారములకొకసారి పరుల నెత్తు రెక్కింపవలెను. దానివలన దేహమున పేరుకొను నినుమును మందులతో తొలగింపవలెను.

మేనరికము మన యాచారమందురు. సగోత్రము నిషిద్ధమని తండ్రివైపున తరములు వెదకువారు మేనమామ కూతురిని చేసికొనుటకు సంకోచింపరు. బోధాయనుడు దీనిని దక్షిణదేశాచారముగా పేర్కొనిన మాట నిజమే. ఆచారమని యెఱిగి జన్యువు తొలగిపోవునా? ఒకే తాత దోషము రెండువైపులనుండి చేరుటయే యిందలి యపాయము.

సైప్రసు ద్వీపమున నూటికి సుమారు 15 మంది వాహకులు. అచట 1970 దశకమున పరీక్షలు మొదలయ్యెను. పిదప నచ్చటి చర్చియే పెండ్లికి ముందు పరీక్ష జరిగినట్లు పత్రము కోరినది. పెండ్లి మానుమనలేదు, తెలిసి చేసికొనుడన్నది. నేడచట నీ వ్యాధితో పుట్టు శిశువు మిక్కిలి యరుదు. మన ప్రభుత్వము సికిల్‌సెల్ వ్యాధిని 2047 నాటికి నిర్మూలింప 2023లో పూనుకొని మన్యములలో రక్తము పరీక్షించుచున్నది. కొండజనులు చేయి చాచుచుండగా, పట్టణములందలి పట్టభద్రులకు సిగ్గేల?

పిల్లకు మచ్చ పడునని కొందఱి భయము. అట్లయిన ముందు పిల్లవానినే పరీక్షింపుడు. వాహకురాలు వాహకుడు కానివానిని పెండ్లాడిన బిడ్డకీ వ్యాధి రాదు. ఆమెను కాదనుట యజ్ఞానమే గాక యన్యాయము. పరీక్ష పేర మఱియొక కులమును సృష్టింపరాదు.

పెండ్లి ముగిసినవారికిని దారి కలదు. గర్భము 10, 12 వారములుండగా మావినుండి చిన్న తునక తీసి పరీక్షింపవచ్చును. ఆడ మగ తెలుపుటను నిషేధించిన 1994 నాటి చట్టమే రక్తవ్యాధుల పరీక్షకు సమ్మతించినది. పిదప నిర్ణయము తల్లిది, అత్తగారిది కాదు. వ్యాధితో పుట్టినవారిని పాపఫలమనుట యంతకన్న ఘోరము. వారికి కావలసినది నెత్తురు, మందు, చదువు.

చదువరులారా! జాతకము చూపింప మానుడని నేననను. లగ్నపత్రిక వ్రాయకముందు వధూవరుల రక్తమును గూడ చూపింపుడు. జాతకము తప్పినచో సిద్ధాంతిని మార్చుకొందుము. బిడ్డ రక్తమును మార్చుట యంత సులభము కాదు.