దారి ముచ్చట్లు: ఏ రోజు తెల్లవారుజాము?



గత సంచికలో ఈ శీర్షిక కింద సూట్‌కేసుల బరువు గురించి రాశాను. అది చదివిన ఒక సోదరి ఫోన్ చేసి, "బరువు సంగతి సరేనండీ, విమానం దిగాక ఇల్లు చేరే సంగతి కూడా రాయండి, మాకు అక్కడే ప్రాణం పోతోంది" అన్నారు. ఆవిడ మాటవరసకి అన్నారు గానీ, నిజంగానే ప్రాణం మీదికి తెచ్చుకున్న అనుభవం నాకు ఒకటుంది. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉన్నా, నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

బేగంపేట రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఒక్కడు దిగితే పదిమంది వచ్చేవారు. నాన్న, మావయ్య, బావమరిది, పక్కింటి పెద్దాయన, వీళ్ళందరితో పాటు ఒక అంబాసిడరు, దాని వెనకాల ఒక సుమో. కారు మాట్లాడటం మన పని కాదు. ఎవరు మాట్లాడారో, ఎంతకి మాట్లాడారో మనకి తెలిసేది కాదు. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌కి మారింది. ఆ తర్వాత పెద్దవాళ్ళు ఇంకా పెద్దవాళ్ళయ్యారు. "రాత్రిళ్ళు మీరు రావద్దు, మేమే వచ్చేస్తాం" అని మనమే చెప్పడం మొదలుపెట్టాం. కారు మాట్లాడే పని మన నెత్తిన పడింది.

ఇక నా కథ. 2018 డిసెంబరు. మా అమ్మకి బెజవాడలో కంటి శుక్లాల ఆపరేషన్. గురువారం, 20వ తేదీ, పొద్దున పదింటికి. ఆ వేళకి పక్కన ఉండాలని మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను 18న ఇక్కడ విమానం ఎక్కాం. 20 తెల్లవారుజామున మూడింటికి శంషాబాద్‌లో దిగుతాం. అక్కడినుంచి బెజవాడ మూడు వందల కిలోమీటర్లకి కాస్త తక్కువ, అయిదారు గంటల దారి. లెక్క సరిగ్గా సరిపోయింది. హైదరాబాదులో తెలిసినవాళ్ళ ద్వారా ఒక కార్ల యజమానికి ఫోన్ చేసి, "20వ తేదీ రాత్రి మూడింటికి పెద్ద బండి కావాలండీ" అన్నాను. ఆయన "అట్లాగే సార్" అన్నాడు. అడ్వాన్సు కూడా పంపాను.

ఆ ఒక్క వాక్యంలో నేను చేసిన తప్పు మీకు కనిపించిందా? నాకు కనిపించలేదు. విమానాశ్రయం బయట సామాను బండ్ల మీద ఎనిమిది సూట్‌కేసులతో నిలబడి, పేర్ల అట్టలన్నీ రెండుసార్లు చదివి, చివరికి యజమానిని నిద్రలేపితే అప్పుడు కనిపించింది. "ఈ రాత్రి కాదు కద సార్, రేపు రాత్రి అన్నరు కద" అన్నాడాయన. ఆయన తప్పేమీ లేదు. 20వ తేదీ రాత్రి అంటే ఎవరికైనా 20న అన్నం తిని పడుకున్న తర్వాత వచ్చే రాత్రే. గడియారం అర్ధరాత్రికి తేదీ మారుస్తుంది గానీ, మన పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతో. తెల్లవారుజామున మూడింటికి పుట్టిన పిల్లని మా నాయనమ్మ ముందురోజు వారంలోనే లెక్కవేసేది. ఇరవై ఏళ్ళు అమెరికాలో ఉండి నేను గడియారం లెక్కలో మాట్లాడాను, ఆయన మన లెక్కలో విన్నాడు. నా టిక్కెట్టు ప్రకారం గురువారం వచ్చేసింది, ఆయనకి ఇంకా బుధవారం రాత్రే.

వేరే బండి చూసుకోవచ్చు. కానీ అడ్వాన్సు కట్టిన బండి ఉండగా ఇంకోటి ఎందుకన్న పిసినారితనం ఒకటి, పదింటి ఆపరేషన్ తొందర ఒకటి. "ఎట్లాగైనా ఇప్పుడే పంపండి" అని పట్టుబట్టాను. ఆయన పంపాడు. అయిదుంబావుకి ఇన్నోవా వచ్చింది. పాతికేళ్ళ కుర్రాడు, నవ్వుతూ దిగి సూట్‌కేసులన్నీ తనే సర్దాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చూశాను. చూసి కూడా ఏమీ అడగలేదు. ఆ సంగతి నేను ఇప్పటికీ మర్చిపోలేను.

అవుటర్ రింగు రోడ్డు మీద నుంచి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ రోడ్డు ఎక్కాం. చౌటుప్పల్ దాటేసరికి తెల్లవారింది గానీ మంచు విడలేదు. వెనక మావాళ్ళు ముగ్గురూ నిద్ర. ముందు సీట్లో నేనూ కునుకు తీస్తున్నాను. చిట్యాల దాటాక టైర్ల చప్పుడు మారింది. కళ్ళు తెరిస్తే బండి మెల్లగా ఎడమపక్కకి, రోడ్డు అంచుకి దిగుతోంది. ఎదురుగా మంచులో ఒక ఆగి ఉన్న లారీ. వెనక దీపాలు లేవు. కుర్రాడి గడ్డం గుండెకి ఆనుకుని ఉంది.

ఏమని అరిచానో గుర్తులేదు. వాడు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. లారీకి మాకూ మధ్య ఒక మంచం పట్టేంత జాగా మిగిలింది. 

నార్కట్‌పల్లిలో టీ హోటలు దగ్గర ఆపించాను. చెయ్యి వణికి టీ ఒలికింది, నాది కాదు, వాడిది. "తమ్ముడూ, ఎప్పుడు పడుకున్నావు?" అని అప్పుడడిగాను. శంషాబాద్‌లో అడగవలసిన మాట. "మొన్న వేములవాడ పోయిన సార్. నిన్న పొద్దుగాల శ్రీశైలం పోయి రాత్రి పదకొండింటికి వచ్చిన. పండుకున్న. నాలుగింటికి ఓనర్ ఫోన్ చేసిండు. పిల్లలతోని ఎయిర్‌పోర్టుల నిలబడ్డరు అన్నడు" అన్నాడు. మమ్మల్ని నిలబెట్టకూడదని వచ్చాడన్నమాట. తిట్టడానికి నాకు నోరు రాలేదు.

"ఏమండీ, ఆ అబ్బాయిని కాసేపు పడుకోనివ్వండి" అంది మా ఆవిడ. పదింటికి ఆపరేషన్ అన్నాను. "అత్తయ్యగారు కళ్ళు బాగుచేయించుకునేది మనల్ని చూసుకోవడానికేగా. చూడ్డానికి మనం మిగలాలి కదా" అంది. నాన్నకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాను, కారణం చెప్పలేదు. "ఒరేయ్, డాక్టరు చేసేది మీ అమ్మ కంటికి, నీకు కాదు. నిదానంగా రా" అన్నాడు నాన్న.

హోటలు యజమాని లోపల నవారు మంచం చూపించాడు. ఆ కుర్రాడు రెండుగంటల పైన నిద్రపోయాడు. మా పిల్లలు ఇడ్లీలు తిన్నారు, కుక్కపిల్లతో ఆడుకున్నారు. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. పది వేల మైళ్ళు ఎగిరొచ్చినవాణ్ణి, రెండు గంటల దగ్గర పీనాసితనం చేశాను.

ఇదీ జరిగింది. ఇక దీనినుంచి నేను నేర్చుకున్నవి చెబుతాను. ఆ తర్వాత నాలుగుసార్లు వెళ్ళొచ్చాను, ప్రతిసారీ ఇవి పాటించాను.

మొదటిది తేదీ. "రాత్రి" అన్న మాట వాడకండి. "19 బుధవారం రాత్రి పడుకుని, 20 గురువారం తెల్లవారకముందు మూడింటికి" అని రెండు రోజులూ కలిపి చెప్పండి. విమానం నంబరు ఇవ్వండి, అది ఆలస్యమైతే వాళ్ళే చూసుకుంటారు. అంకెలతో రాసేటప్పుడు ఇక్కడి అలవాటున నెల ముందు వెయ్యకండి. మే 6 అనుకుని 5/6 అని రాస్తే అక్కడ జూన్ 5 అని చదువుతారు. బయలుదేరే ముందురోజు ఒకసారి ఫోన్ చేసి, "ఎప్పుడు వస్తున్నారో మీరు చెప్పండి" అని వాళ్ళ నోటితోనే చెప్పించుకోండి. 

రెండోది అన్నిటికంటే ముఖ్యం, డ్రైవరు నిద్ర. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా మనిషి ఒంటికి నిద్ర బలంగా వచ్చే వేళ. ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా దానికి అతీతుడు కాడు. టీ తాగితే కాసేపు ఆగుతుంది, పోదు. కిటికీ తెరిచినా, పాటలు పెట్టినా అంతే. నిద్రకి మందు నిద్రే.

ఇక్కడ మనవాళ్ళు చాలామంది గమనించని లెక్క ఒకటుంది. "ఊళ్ళో తెలిసిన బండి ఉంది, అక్కడినుంచే పంపిస్తాం" అంటారు పెద్దవాళ్ళు. తెలిసిన బండి మంచిదే. కానీ బెజవాడలో రాత్రి ఎనిమిదింటికి బయలుదేరిన డ్రైవరు రెండింటికి శంషాబాద్ చేరతాడు. నాలుగింటికి మనల్ని ఎక్కించుకుని తిరిగి అదే దారి పడతాడు. మనకి అది మొదటి గంట, అతనికి తొమ్మిదో గంట. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకి రోజుకి ఎనిమిది గంటలే పని అని పెట్టింది. ఆ లెక్కన మనం కారెక్కేసరికే అతని రోజు అయిపోయినట్టు. అందుకని హైదరాబాదు బండే మాట్లాడుకోండి. ఊరినుంచే రావాలంటే, అతను ముందురోజు మధ్యాహ్నానికే వచ్చి పడుకునేలా లాడ్జి ఖర్చు, ఒకరోజు బత్తా అదనంగా మీరే ఇవ్వండి. కారులో సీటు వాల్చుకుని, దోమల మధ్య తీసిన కునుకుని నిద్రలో లెక్కవెయ్యకండి. అన్నిటికంటే మంచిది, మీరే విమానాశ్రయం దగ్గర గది తీసుకుని, స్నానం చేసి, తెల్లవారి టిఫిన్ తిని బయలుదేరడం. 

డ్రైవరు వచ్చాక "ఎప్పుడు పడుకున్నావు, నిన్న ఎక్కడికి వెళ్ళావు?" అని అడగండి. నేరం చేసినవాణ్ణి అడిగినట్టు కాదు, ఇంటికొచ్చినవాణ్ణి "అన్నం తిన్నావా" అని అడిగినట్టు. నిద్రలేదని చెబితే డబ్బు కొయ్యనని ముందే మాట ఇవ్వండి. అప్పుడే నిజం చెబుతాడు.

మూడోది బండి. నంబరు ప్లేటు పసుపు రంగులో నల్ల అక్షరాలతో ఉండాలి, అది టాక్సీ అని గుర్తు. తెల్ల ప్లేటు సొంత బండి చవగ్గా వస్తుంది గానీ, దాన్ని కిరాయికి తిప్పకూడదు, ఏమన్నా జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు పేచీ పెడతారు. 2014లో రాష్ట్రం రెండయ్యాక కోదాడ దాటితే వేరే రాష్ట్రం. పర్మిట్ ఉందా అని కూడా అడగండి. మాట్లాడుకున్న డబ్బులో టోలు, పార్కింగు, బత్తా, పర్మిట్ పన్ను కలిసి ఉన్నాయో లేదో ముందే తేల్చుకోండి. టోలు ఇప్పుడు ఫాస్టాగ్ మీద పోతుంది కాబట్టి డబ్బు చేతులు మారడం మనకి కనపడదు, చివర్లో లెక్క దగ్గర మాటామాటా వస్తుంది. సూట్‌కేసులు ఎన్నో, ఎంత పెద్దవో చెప్పండి. చిన్న కారు డిక్కీలో గ్యాసు సిలిండరు ఉంటే రెండు పెట్టెలు పట్టడమే గగనం. 

నాలుగోది వెనకసీటు బెల్టు. మనం ఇక్కడ పిల్లలకి బెల్టు పెట్టకుండా వీధి మలుపు దాకా కూడా వెళ్ళం. అక్కడ దిగగానే మర్చిపోతాం. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయిన ప్రమాదంలో ఆయన వెనకసీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. టాక్సీల్లో సీటు కవర్లు తొడిగి, బెల్టు బిగించే బకిల్‌ని కిందికి తోసేస్తారు. బండి మాట్లాడేటప్పుడే "వెనక బెల్టులు పనిచెయ్యాలి" అని చెప్పండి. ఎక్కగానే లాగి చూడండి. 

తిరుగు ప్రయాణంలోనూ ఇదే గుర్తుపెట్టుకోండి. మనల్ని అర్ధరాత్రి విమానం ఎక్కించి, ఆ డ్రైవరు ఒక్కడే ఖాళీ బండిలో వెనక్కి వెళ్ళాలి. పలకరించి మేలుకొలిపేవాడు కూడా ఉండడు. "తెల్లారేదాకా పడుకుని వెళ్ళు" అని ఆ రాత్రి ఖర్చు చేతిలో పెట్టండి. ఇక్కడ ఒకపూట హోటలు భోజనానికయ్యేంత ఉండదు. 

ఆ రోజు మేం బెజవాడ చేరేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర దాటింది. అమ్మ ఒక కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. ఆలస్యం ఎందుకైందని అడగలేదు. కట్టులేని కంటితో నన్నూ, మా ఆవిణ్ణీ, పిల్లల్నీ వరసగా చూసి, "నలుగురూ వచ్చారు" అంది. గుమ్మం బయట నిలబడ్డ డ్రైవరుని చూసి, "ఆ అబ్బాయి అన్నం తిన్నాడా?" అంది.

తిన్నాడు. తిని, మా వరండాలో సాయంత్రం దాకా పడుకుని వెళ్ళాడు.