దారి ఒక్కటే.. సరిహద్దే కొత్తది
అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిపై పల్నాడుకు తీరని చిక్కులు

నరసరావుపేట: హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్లే లారీలకు విజయవాడ చుట్టు తప్పించే దగ్గరి దారి అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి. నార్కట్‌పల్లి వద్ద 65వ జాతీయ రహదారి నుంచి చీలి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా వాడపల్లి చేరుతుంది. అక్కడ కృష్ణానదిని దాటి పొందుగుల వద్ద పల్నాడులోకి ప్రవేశిస్తుంది. దాచేపల్లి, పిడుగురాళ్ల, నకరికల్లు, అద్దంకి మీదుగా సాగి మేదరమెట్ల వద్ద 16వ జాతీయ రహదారిలో కలుస్తుంది.

జిల్లా హద్దు రాష్ట్ర హద్దయింది

సుమారు 212 కిలోమీటర్ల ఈ రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించేందుకు 2010లో ఉమ్మడి రాష్ట్రంలో బీఓటీ పద్ధతిన ఒప్పందం కుదిరింది. అప్పట్లో ఈ కొస నుంచి ఆ కొస వరకు ఒకటే రాష్ట్రం. పొందుగుల వంతెన గుంటూరు, నల్గొండ జిల్లాలను కలిపేది. 2014 జూన్ 2న రాష్ట్ర విభజనతో అదే వంతెన రెండు రాష్ట్రాల నడుమ గడపగా మారింది. రోడ్డు అంగుళం కూడా జరగలేదు. దానిపై సాగే బతుకులకు మాత్రం కొత్త నిబంధనలు వచ్చిపడ్డాయి.

సరుకుపై తొలి దెబ్బ

పల్నాడు సిమెంటుకు, పిడుగురాళ్ల సున్నానికి ఆవలి ఒడ్డుకు ఇదే ప్రధాన మార్గం. 2015 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ వాహనాలపై తెలంగాణ ప్రభుత్వం ప్రవేశ పన్ను విధించడంతో లారీ యజమానులపై భారం పడింది. 2017 జులైలో జీఎస్టీ అమలుతో వాణిజ్య పన్నుల తనిఖీ కేంద్రాలు తొలగినా, వాహన పన్ను, పర్మిట్ల వ్యవహారం దాని పరిధిలోకి రాలేదు.

ప్రయాణికులకు సరిహద్దు తీవ్రత 2020 మార్చిలో తెలిసొచ్చింది. లాక్‌డౌన్ వేళ హైదరాబాద్ నుంచి సొంతూళ్లకు బయల్దేరినవారు పొందుగుల వద్ద నిలిచిపోయారు. రెండు రాష్ట్రాల ఆర్టీసీ సంస్థల మధ్య ఒప్పందం కుదిరి బస్సులు తిరిగి నడిచింది ఆ ఏడాది నవంబరు 2 తర్వాతే.

కూలీల మాటేమిటి?

పన్నుల రికార్డుల్లో గాని, బస్సుల లెక్కల్లో గాని కనిపించని ప్రయాణికులు మరికొందరున్నారు. వారు వ్యవసాయ కూలీలు. నల్గొండ జిల్లా దామరచర్ల మండలం నుంచి నది దాటి పల్నాడు పొలాలకు పనికి వస్తారు. 2023 మే 17న ఇలా కూలీలతో కిక్కిరిసిన ఆటోను పొందుగుల సమీపంలో లారీ ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు. బతుకు ఒక ఒడ్డున, పని మరో ఒడ్డున ఉన్నవారికి రాష్ట్ర సరిహద్దు నిత్యం దాటాల్సిన దారి మాత్రమే. దూరప్రాంత లారీల వేగానికి, పల్లె ఆటోల నడకకు ఒకే దారిలో పొత్తు కుదరడం లేదని ఆ దుర్ఘటన చాటింది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు ప్రత్యేక జిల్లా కావడంతో సరిహద్దు బాధ్యత నరసరావుపేట కేంద్రంగా ఉన్న యంత్రాంగానికి చేరింది. అయితే వంతెనకు ఒక్క వైపు చేసే ఏర్పాట్లతో ఫలితం సగమే. కూలీల వాహనాల రద్దీ వేళల్లో వేగ నియంత్రణ, గ్రామాల కూడళ్ల వద్ద సర్వీసు రోడ్లు, ప్రమాదం జరిగితే ఏ ఒడ్డున దగ్గరగా ఉంటే ఆ ఒడ్డు ఆసుపత్రికే తరలించే ఏర్పాటు.. ఇవన్నీ పల్నాడు, నల్గొండ అధికారులు కలిసి కూర్చుంటేనే సాధ్యం. బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరగాలో లెక్క తేల్చుకున్న రెండు రాష్ట్రాలకు, కూలీ క్షేమంగా ఇల్లు చేరే మార్గం తేల్చుకోవడం అసాధ్యం కాబోదు.