మంట ఆరింది, నీళ్ల సంగతేంది?

కంపెనీల మంట లేస్తే సర్కారు ఉరికొస్తది. ఫైరింజన్లు వస్తయి, టీవీలోళ్లు వస్తరు, మంత్రి వస్తడు. మంట ఆరినంక అందరూ పోతరు. మిగిలేది ఊరోళ్లు, వాళ్ల బోరింగు. ఆ బోరింగు నీళ్లను పరీక్ష చేసేదెవరన్నదే ఇయ్యాల మన ప్రశ్న.

2020 జూలై 13 రాత్రి విశాఖ దగ్గర పరవాడ ఫార్మాసిటీలో విశాఖ సాల్వెంట్స్ అనే యూనిట్ తగలబడ్డది. మందుల కంపెనీలు వాడేసిన రసాయన ద్రావకాలను తిరిగి శుద్ధిచేసే చోటు అది. ఒకరు చనిపోయారు. ఆ ఫార్మాసిటీని ఆనుకొని ఉన్న తాడి గ్రామస్తులు తమ గాలి, నీళ్లు పాడయ్యాయనీ, తమను వేరే చోటికి తరలించాలనీ ఆ మంటకు ముందు నుంచే అడుగుతున్నారు.

పొగ అందరికీ కనబడతది. నీళ్లల్ల కలిసింది కనబడదు. మంట మీద కొట్టిన నీళ్లు రసాయనాలను కడుక్కొని మోరీలకు, కుంటలకు, భూమిలోకి పోతయి. 1986 నవంబర్ 1న స్విట్జర్లాండులోని బాసెల్ దగ్గర సాండోజ్ కంపెనీ గోదాము కాలినప్పుడు ఇట్లనే పురుగుమందులు రైన్ నదిలో కలిసినయి. నది ఎర్రబారింది. చేపలు వేలకొద్దీ చచ్చినయి. నది గనుక లోకమంతా చూసింది. భూమిలోకి దిగిన విషం నెలలకో ఏండ్లకో మన బావికి చేరితే చూసేదెవరు?

"నీళ్లు తేటగనే ఉన్నయి గదా" అని అధికారి అంటడు. ఒప్పుకోవద్దు. టీడీఎస్ మీటరు నీళ్లల్ల కరిగిన ఉప్పులను చెప్తది, ద్రావకాలను చెప్పదు. వెతకనిది దొరకదు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఆరు గ్రామాల బావుల్లో మందుల ఆనవాళ్లున్నాయని స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధన 2009లో బయటపెట్టింది. మామూలు పరీక్షలో అవి తేలేవి కావు. కాచి తాగమనేటోళ్లు కూడా ఉంటరు. కాస్తే క్రిములు చస్తయి. సీసం, ఆర్సెనిక్ పోవు.

అందుకే పరీక్ష ఎట్ల జరగాల్నో మనమే చెప్పాలె. ముందు ఏమేం కాలిందో జాబితా తీసుకోవాలె. ఆ రసాయనాల పేర్లతోనే పరీక్ష అడగాలె. జాబితా ఇయ్యకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలె. కంపెనీకి ఎగువన ఒక బోరు, దిగువన కొన్ని బోర్లు చూడాలె. దళితవాడ బోరు తప్పకుండా ఉండాలె. బోరు కొంతసేపు నడిపినంకనే నీళ్లు పట్టాలె. ద్రావకాల పరీక్షకైతే గాజుసీసాను గాలిబుడగ లేకుండా నింపి ఐసుల పెట్టాలె. సీసా మీద తారీఖు, టైము, బోరు గుర్తు రాయాలె. పట్టినప్పుడు మనోళ్లు ఉండి సంతకం చేయాలె. ఒక్కసారితో సరిపోదు. మంట ఆరిన వెంటనే ఒకసారి, వానలు పడ్డంక ఒకసారి, ఏడాదికి మళ్లొకసారి. ఫలితం వచ్చేదాక ట్యాంకరు నీళ్లియ్యాలె. ఆ ఫలితాన్ని గ్రామసభల తెలుగులో చదివి వినిపించాలె.

ఇది మనం అడుక్కునేది కాదు. 1985లో కారంచేడు గొడవ మొదలైంది నీళ్ల దగ్గరనే. తాము తాగే చెరువును మురికి చేయొద్దని మాదిగలు అన్నరు. మున్నంగి సువార్త బిందె ఎత్తి నిలబడ్డది. జూలై 17న ఆరుగురు మాదిగలను చంపిన్రు. ఎస్సీ ఎస్టీలు వాడుకునే నీళ్లను పాడుచేయడం నేరమని 1989 అట్రాసిటీ చట్టం రాసింది. చెరువుల మురికి కలిపినోడు నేరస్తుడైతే, వాడ కింది నీళ్లల్ల విషం కలిపినోడు ఏమవుతడు?

మన తొర్రూరు దిక్కు ఫార్మాసిటీ లేదు, మనకెందుకు అనొద్దు. మన పిల్లలు పటాన్‌చెరు, జీడిమెట్లకు పనికి పోతున్నరు. అక్కడి నీళ్లే తాగుతున్నరు. రేపు చెత్తకుప్పలకు జాగ వెతికితే ఎవరి వాడ పక్కన దొరుకుతదో మనకు తెలువనిది కాదు. అందుకే సంఘాలు ఏ మంటా లేనప్పుడే ప్రతి వాడ బోరు నీళ్లను ఒకసారి పరీక్ష చేయించాలె. ఆ కాగితం దాచిపెట్టాలె. "మీ నీళ్లు మొదటినుంచీ అంతే" అన్నోని ముందర పెట్టడానికి అదే మన సాక్ష్యం.