జాడీ ఇచ్చారు సరే.. కొలతలేవి?

2020 ఆగస్టు. మా పిన్ని కొడుక్కి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. వాడప్పుడు ఎనిమిదో తరగతి. బాబాయ్ దగ్గరున్నది బటన్ ఫోన్. లాక్‌డౌన్ దెబ్బకి షాపు నడవక కూర్చున్న మనిషిని స్మార్ట్‌ఫోన్ కొనమని ఎలా అంటాం? ‘అన్నయ్యా, నీ పాత ఫోన్ ఏమైనా ఉందా?’ అని ఆ బటన్ ఫోన్ నుంచే వాడు అడిగాడు.

బీరువా సొరుగులో రెండు దొరికాయి. ఒకటి నాది, ఇంకోటి హాస్టల్లో నా రూమ్మేట్ వదిలేసి వెళ్లింది. రెండూ బీటెక్ రెండో ఏడాదిలో నెల తేడాతో కొన్నవే. రెండూ పది వేల లోపే. రెండింట్లోనూ 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ. రెండింటికీ కంపెనీలు 2017లోనే అప్‌డేట్లు ఆపేశాయి. కొన్నప్పుడు నా ఫోన్ కెమెరా బాగుందని వాడిని తెగ ఏడిపించా.

ముందు నాది ఆన్ చేశా. కంపెనీ బలవంతంగా పెట్టిన యాప్‌లే సగం స్టోరేజీ తినేశాయి. తీసేద్దామంటే తీయనివ్వదు. క్లాసు యాప్ తెరుచుకునేసరికి టీ తాగి రావొచ్చు. రూమ్మేట్ ఫోన్‌లో మాత్రం ఒక సాయంత్రం కూర్చుని, వలంటీర్లు తయారుచేసిన ఆండ్రాయిడ్ 10 రామ్ ఎక్కించా. తేలిగ్గా, చెత్త యాప్‌లు లేకుండా నడిచింది. మావాడు పదో తరగతి పరీక్షలకి కూడా దాంతోనే చదివాడు.

ఒకే వయసు, ఒకే ధర. ఒకటి బడికెళ్లింది, ఇంకోటి సొరుగులోకెళ్లింది. తేడా ఎక్కడొచ్చిందో తెలుసా? రూమ్మేట్ ఫోన్ కంపెనీ కెర్నల్ సోర్స్ కోడ్ బయటపెట్టింది. నా ఫోన్ కంపెనీ పెట్టలేదు.

గుట్టంతా కెర్నల్లోనే

ఆండ్రాయిడ్ అంటే గూగుల్‌దే అనుకుంటాం. కానీ దాని అడుగున నడిచేది లైనక్స్ కెర్నల్. మీరు తెరని తాకితే అందుకునేది, కెమెరాని నిద్రలేపేది, ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ వేగం తగ్గించేది అదే. ప్రతి కంపెనీ తన ఫోన్‌లోని విడిభాగాలకి తగ్గట్టు కెర్నల్‌ని మార్చుకుంటుంది. ఆ మార్పులు తెలియకుండా ఆ ఫోన్‌కి కొత్త ఆండ్రాయిడ్ తయారుచేయడం మహా కష్టం.

ఇంకోలా చెప్తా. ఫోన్‌లో మనకొచ్చేది పెట్టేసిన ఆవకాయ జాడీ. తింటే కారం ఎక్కువైందని తెలుస్తుంది. కానీ ఎన్ని కాయలకి ఎంత ఆవపిండి, ఎంత ఉప్పు వేశారో జాడీ చూసి చెప్పలేం. వచ్చే ఏడాది అదే ఆవకాయ మళ్లీ పెట్టాలంటే కొలతలు కావాలి. ఆ కొలతల కాగితమే సోర్స్ కోడ్.

ఈ కెర్నల్‌ని 1991లో మొదలుపెట్టింది లైనస్ టోర్వాల్డ్స్, అప్పటికి ఫిన్లాండ్‌లో ఒక స్టూడెంట్. మరుసటి ఏడాది దాన్ని జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి. కానీ జాడీ ఎవరి చేతికిస్తే వాళ్లకి మీ కొలతలు కూడా అందాలి. అదీ షరతు. కెర్నల్‌కి వర్తించే జీపీఎల్ రెండో వెర్షన్ ప్రకారం, సరుకుతో పాటే కోడ్ ఇవ్వాలి. లేదంటే అడిగినవాళ్లకి ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ అయినా ఇవ్వాలి. కాపీ చేసి పంపే ఖర్చుకి మించి డబ్బు అడగకూడదు.

అందుకే ‘ఫలానా కంపెనీ డెవలపర్ల కోసం కెర్నల్ సోర్స్ విడుదల చేసింది’ అనే వార్తకి మావాళ్లు సంబరపడిపోతుంటే నాకు నవ్వొస్తుంది. బాకీ తీర్చినవాడికి దండ వేస్తామా? టైముకి తీర్చేవాళ్లు తక్కువ కాబట్టి వేస్తున్నామేమో!

కంపెనీల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఆండ్రాయిడ్‌లో కెర్నల్ పైనుండే చాలా భాగం అపాచీ లైసెన్సులో ఉంటుంది. అందులో చేసుకున్న మార్పులు చూపించాల్సిన పని లేదు. తమ కెమెరా యాప్ కోడో, థీమ్‌ల కోడో ఇవ్వలేదని ఎవరినీ తప్పు పట్టలేం. కెర్నల్ సంగతి వేరు. అది వాళ్లకీ ఊరికే వచ్చిందే.

‘త్వరలో’ అనే జవాబు

నా ఫోన్ కథకొద్దాం. కోడ్ లేకపోయినా ఒక కుర్రాడు దానికి రామ్ చేయడానికి కూర్చున్నాడు. అదే చిప్ ఉన్న వేరే ఫోన్ కెర్నల్ తెచ్చి అతికించాడు. ఫోన్ ఆన్ అయింది. కానీ కెమెరాలో మనుషులు తలకిందులుగా కనిపించారు. కాల్ కలిసేది, మాట వినిపించేది కాదు. కంపెనీకి మెయిల్స్ పెట్టాం. ‘త్వరలో’ అన్నారు. ఎనిమిది నెలలకి ఒక జిప్ ఫైల్ వచ్చింది. అదీ పాత ఆండ్రాయిడ్ వెర్షన్‌ది, అందులోనూ సగం ఫైళ్లు లేవు, కంపైల్ కాదు. ఆ కుర్రాడికి సెమిస్టర్ పరీక్షలొచ్చాయి, వదిలేశాడు. నేను మాత్రం అతన్ని ఏమనగలను? జీతం లేని పని.

కోడ్ సక్రమంగా బయటికొస్తే ఏమవుతుందో చూడాలంటే ఫోన్ల కంటే ముందుకెళ్లాలి. 2003లో లింక్‌సిస్ వాళ్ల డబ్ల్యూఆర్‌టీ54జీ వైఫై రౌటర్‌లో లైనక్స్ ఉందని కొందరు కనిపెట్టి, కోడ్ ఏదని నిలదీశారు. కంపెనీ ఇచ్చింది. మరుసటి ఏడాది ఆ కోడ్ మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. ఇప్పటికీ ఎన్నో కంపెనీల రౌటర్లలో అది నడుస్తోంది. ఫోన్లలో 2009లో స్టీవ్ కోండిక్ సయనోజెన్‌మాడ్ మొదలుపెట్టాడు. 2016 డిసెంబర్‌లో అది మూతపడితే, డెవలపర్లు అదే కోడ్‌తో లీనియేజ్‌ఓఎస్‌ని నిలబెట్టారు. పేరు పోయింది, దుకాణం పోయింది, కొలతలు మాత్రం మిగిలాయి.

కోడ్ ఒక్కటీ చాలదు

కోడ్ చేతికొచ్చినా బూట్‌లోడర్ తాళం తీయనివ్వకపోతే మన రామ్ ఎక్కదు. హువావే 2018లో ఆ తాళం తీసే కోడ్‌లు ఇవ్వడం మానేసింది. డెవలపర్లకి పుట్టిల్లు లాంటి పిక్సెల్ ఫోన్ల సంగతీ మారింది. 2025 జూన్‌లో ఆండ్రాయిడ్ 16 కోడ్ ఇచ్చినప్పుడు, ఎప్పుడూ దాంతో పాటే వచ్చే పిక్సెల్ డివైస్ ట్రీలని గూగుల్ ఇవ్వలేదు. డివైస్ ట్రీ అంటే ఆ ఫోన్‌కి రామ్ ఎలా అమర్చాలో చెప్పే ఫైళ్లు. ఇన్నాళ్లూ చేతికందినదాన్ని ఇప్పుడు డెవలపర్లే కష్టపడి తయారుచేసుకోవాలి.

మనవైపు ఇబ్బందులూ దాచను. తాళం తీసిన ఫోన్లలో చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. రామ్ ఎక్కించేటప్పుడు డేటా మొత్తం పోతుంది, వారంటీకి ఎసరు రావొచ్చు. అందుకే యూపీఐ వాడే నా ఇప్పటి ఫోన్ జోలికి నేనూ వెళ్లలేదు. భద్రత కోసమే తాళం అని కంపెనీలంటే ఒప్పుకుంటా. కానీ మూడేళ్లుగా సెక్యూరిటీ అప్‌డేట్ రాని ఫోన్‌లో ఏ భద్రత ఉందో కూడా వాళ్లే చెప్పాలి. మీరు అప్‌డేట్లు ఆపేసిన రోజునైనా తాళం తీసి మా చేతికివ్వండి. అడిగేది అంతే.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త రూల్ వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కనీసం ఐదేళ్ల వరకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలి. అలాంటిది మనకీ వచ్చేలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి ఫోన్ కొనేముందు మెగాపిక్సెళ్లతో పాటు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు? పాత మోడళ్ల కెర్నల్ సోర్స్ పెట్టారా? బూట్‌లోడర్ తాళం తీయనిస్తారా?

చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ‘ఎబౌట్ ఫోన్’లో లీగల్ సమాచారం తెరవండి. చాలా ఫోన్లలో అక్కడ ఓపెన్ సోర్స్ లైసెన్సుల జాబితా ఉంటుంది. ఎవరూ చదవని పేజీ అది. కోడ్ అడిగే హక్కు మీకుందని చెప్పే జీపీఎల్ కాగితం ఉండేది అక్కడే.

రూమ్మేట్ ఫోన్ ఇప్పుడు పిన్ని వంటింట్లో ఉంది. బ్యాటరీ ఒకసారి మార్చాం, పాటలు వింటోంది. నాది ఇంకా సొరుగులోనే ఉంది. కెమెరా మాత్రం దానిదే బాగుండేది.