అలుకు ఆరనివ్వండి!

మా అమ్మమ్మ వాకిలి అలికిన రోజున గుమ్మానికి అడ్డంగా పీట వేసేది. "ఆరేదాకా ఎవరూ తొక్కకండి!" అని వంటింట్లోంచే కేక పెట్టేది. ఆ కేకకి, ఉత్తరం తెచ్చిన పోస్టుమాను కూడా వీధిలోనే ఆగిపోయేవాడు. నలభై ఏళ్ళు దాటిన నాకు ఆ కేక మళ్ళీ వినాలనిపించిన చోటు ఏదో చెబితే మీరు నవ్వుతారు. మొన్న ఫిబ్రవరిలో, అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తరాది అడవుల్లో, మోకాలి లోతు మంచులో!

మా చెల్లెలి కాపురం మినియాపొలిస్‌లో. ఫిబ్రవరి మూడో సోమవారం వాళ్ళకి ప్రెసిడెంట్స్ డే సెలవు. శని ఆదివారాలు కలుపుకుంటే మూడు రోజులు. మనకి సంక్రాంతికి బస్సులన్నీ ఒకే దిక్కుకి పరిగెత్తినట్టు, ఆ మూడు రోజులూ కార్లన్నీ ఉత్తరానికే పరిగెత్తాయి. సగం కార్ల వెనక చిన్న ట్రాలీలు, వాటి మీద స్నోమొబైళ్ళు. ముందు రెండు స్కీలు, వెనక ఒక రబ్బరు పట్టా, మోటారు సైకిలు లాంటి సీటు, మంచు మీద రివ్వున పోయే బండి అది. మేము రెండు బళ్ళు అద్దెకు తీసుకున్నాం. ఒకదాని మీద మా మరిది, వెనక నేను. రెండోదాని మీద మా చెల్లెలు, వెనక దాని కూతురు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాం. ఎంత బావుందో చెప్పలేను. దేవదారు చెట్ల మధ్య తెల్లటి బాట, గచ్చు చేసిన వరండాలా నున్నగా. "పెద్దమ్మా, పట్టుకో!" అని పక్కనుంచి పిల్ల అరుస్తుంటే, చిన్నపిల్లలా నేనూ అరిచాను.

మధ్యాహ్నం రెండయ్యేసరికి అదే బాట మీద తిరుగు ప్రయాణం. కానీ బాట అది కాదు! అడుగడుగునా గతుకు. మిట్ట, పల్లం, మిట్ట, పల్లం. కంకర రోడ్డు మీద ఎద్దుబండిలో బయల్దేరినట్టుంది. వసతి గృహం చేరేసరికి నా నడుము నాది కాదు.

రాత్రి భోజనాల దగ్గర మగవాళ్ళందరూ ఒకటే పాట. "ఏం చూస్తున్నారండీ వీళ్ళు? పండగ పూట బాట ఇలాగా వుంచేది?" మా మరిదీ అందుకున్నాడు. "చూశారా వదినగారూ, పర్మిట్ డబ్బులు వసూలు చెయ్యడం తెలుసు గాని, బాట చూసుకోవడం తెలియదు." నేనూ తందాన అన్నాను. నడుము నొప్పి మనిషి చేత ఏదైనా అనిపిస్తుంది.

కాఫీ పోస్తున్న యజమానురాలు, అరవై దాటిన మనిషి, ఆగి మా వంక చూసింది. "నిన్న రాత్రి తొమ్మిదింటికి గ్రూమర్ తీసుకుని వెళ్ళినవాడు మా ఆయనే. పొద్దున ఆరింటికి ఇంటికొచ్చాడు. మీరు బయల్దేరినప్పుడు బాట ఎలా వుంది?" అంది.

"బ్రహ్మాండంగా వుంది" అంది మా చెల్లెలు.

"అప్పట్నుంచీ మా ఆయన పడుకునే వున్నాడు" అంది ఆవిడ, మరో కప్పులో కాఫీ పోస్తూ.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ మాట నేను ఎన్నిసార్లు అనుకోలేదు? పొద్దున్నే తుడిచి అద్దంలా వుంచిన వంటిల్లు, పది గంటలకి పదిమంది తిని తాగి వెళ్ళాక, "ఏమిటీ ఇల్లు ఇలా వుంచావు?" అనిపించుకోని ఆడది మనలో ఎవరైనా వున్నారా? అలాంటి నేనే, ముక్కూ మొహం తెలియని ఒక ముసలాయన్ని పట్టుకుని అదే మాట అన్నాను.

ఆవిడని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాను. గ్రూమర్ అంటే పట్టాల మీద నడిచే పెద్ద ట్రాక్టరు. దాని వెనక పొడుగాటి ఇనప చట్రం. చట్రంలో మన గుంటకలాగ వరసగా కత్తులుంటాయి. అవి మిట్టల్ని అడుగంటా కోసి, ఆ మంచుని పొడి చేసి కలుపుతాయి. చివరనున్న వెడల్పాటి రేకు దాన్ని అణిచి చదును చేస్తుంది. అడుగంటా కొయ్యడం అన్నది ముఖ్యం. ఊరికే పల్లాల్లో మంచు పూడ్చి పైపైన రాసి వదిలేస్తే, నాలుగు బళ్ళు పోగానే ఆ గతుకే మళ్ళీ అక్కడే లేస్తుంది. గుంటల్లో కంకర పోసి బిల్లు పెట్టుకునే మన కంట్రాక్టర్ల రోడ్లు చూసినవాళ్ళం, మనకి ఇది వేరే చెప్పాలా?

అంత పనీ గంటకు అయిదారు మైళ్ళు, మహా అయితే పది మైళ్ళ వేగంతో జరగాలి. ఆరు మైళ్ళ లెక్కన అరవై మైళ్ళ బాటకి పది గంటలు. కటిక చీకట్లో, ఎముకలు కొరికే చలిలో, ఒక్క మనిషి.

పోనీ, అంతటితో అయిందా అంటే లేదు. అసలు సంగతి ఇక్కడే వుంది. కోసి కలిపిన మంచు వెంటనే గట్టిపడదు. చలికి రేణువుకి రేణువు అతుక్కుని, మొత్తం ఒక పలకలా బిగుసుకోవాలి. పాలలో తోడు వేశాక గిన్నె కదపం చూడండి, అలాగ. దానికి కనీసం రెండు మూడు గంటలు కావాలి. రాత్రంతా దొరికితే మరీ మంచిది. అలా బిగుసుకున్న బాట మర్నాడు వందల బళ్ళని మోస్తుంది. బిగుసుకోకముందే తొక్కితే పది బళ్ళకే పొడి పొడి అవుతుంది. రాత్రి శ్రమ, కాల్చిన నూనె, అన్నీ మంచులో పోసిన పన్నీరు.

ఇంత విన్న తర్వాత కూడా మేమేం చేశామో చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే వుంది. రాత్రి పదకొండింటికి మా మరిది, "గ్రూమర్ ఇందాకే వెళ్ళిందిట. కొత్త బాట మీద ఒక్క చక్కరు కొట్టొద్దాం రండి" అన్నాడు. పెనం మీంచి దిగిన దోసెలా, అప్పుడే చదును చేసిన బాట మీద మొదటి ప్రయాణం అంటే వాళ్ళకి అదో సరదా. చెల్లెలు వద్దంది. నేను వెళ్ళాను.

ఒక గట్టు ఎక్కాం. మిన్నెసోటాలో స్నోమొబైళ్ళ వేగానికి గంటకు 50 మైళ్ళు హద్దు. మా బండి ఎంతలో పోతోందో నేను అడగలేదు. గట్టు దిగువన, బాట నిండా, పసుప్పచ్చ దీపం తిరుగుతూ గ్రూమర్! మా మరిది బ్రేకు నొక్కాడు. బండి పక్కకి జారి, చెట్ల మొదట్లో మంచు కుప్పలో దిగబడింది. నా హెల్మెట్టు అతని వీపుకి కొట్టుకుంది. గ్రూమర్ ఆగింది. అద్దం వెనకనుంచి ఆ పెద్దాయన మమ్మల్ని చూసి, బాగానే వున్నారా అన్నట్టు చెయ్యి ఎత్తాడు. మేమూ ఎత్తాం. కోప్పడనైనా లేదు. నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

వెనక్కి వస్తూంటే మా లైటు వెలుగులో చూశాను. అద్దంలాంటి బాట నడిమధ్య, చాలు తీసినట్టు, మా బండి జాడ. ఆ ఒక్క రాత్రే ఎన్ని బళ్ళు అలా పోయాయో! రేపు మధ్యాహ్నం ఆ చాలు దగ్గరే గతుకు పుడుతుంది. ఆ గతుకు మీద ఎవరి నడుమో విరుగుతుంది. విరిగినావిడ ఆ పెద్దాయన్నే తిడుతుంది.

అంచేత నేను గట్టిగానే అంటున్నాను. గతుకుల్ని గురించి ఫిర్యాదు చేసేవాళ్ళలో నూటికి తొంభైమంది ఆ గతుకుల్ని చేసినవాళ్ళే. నేను లెక్క పెట్టలేదు, మమ్మల్ని చూసి అంటున్నాను. మంచు దానంతటది లేచి మిట్ట కట్టదు. మొదట ఎక్కడో చిన్న ఎగుడు. దాని ముందు ఒకడు బ్రేకు నొక్కుతాడు, దాటాక ఎక్సిలరేటరు నొక్కుతాడు. రెండుసార్లూ పట్టా మంచుని తవ్వుతుంది. వెనకవాడూ అంతే. సాయంత్రానికి మోకాలెత్తు అవుతుంది. తిన్నగా, ఒకే వేగంతో పోతే బాట చాలాసేపు నిలుస్తుంది.

"డబ్బు కట్టాం కదా" అంటారు. కట్టారు, కాదనను. రిజిస్ట్రేషను, పర్మిట్ రుసుములు, పెట్రోలు పన్నులో కొంత వాటా కలిపి ప్రభుత్వం క్లబ్బులకి ఇస్తుంది. కానీ మిన్నెసోటాలో వున్న 22,000 మైళ్ళ పైచిలుకు బాటల్లో దాదాపు 21,000 మైళ్ళు చూసుకునేవి ఊరూరా వున్న ఆ క్లబ్బులే. చెట్టు పడితే కోసేది వాళ్ళే, గుర్తు పలకలు పాతేది వాళ్ళే, రైతుల దగ్గరకి వెళ్ళి "మీ చేలో బాట వేసుకోనిస్తారా" అని బతిమాలేది వాళ్ళే. చాలామందికి జీతం లేదు. కొత్త గ్రూమర్ కొనాలంటే లక్షల డాలర్లు. ఆ మనిషి నిద్రని మన పర్మిట్ డబ్బు కొనలేదు.

"అయితే పగలు కూడా చదును చెయ్యొచ్చుగా?" అని మా మరిది అడిగాడు. పగలు ఎండకి మంచు మెత్తబడుతుంది, పైగా బళ్ళ వరస తెగదు. ఆరని అలుకు మీద పెళ్ళివారిని నడిపించినట్టే. మలుపుల్లో, గట్ల మీద అంత పెద్ద యంత్రం ఎదురైతే ఏమవుతుందో అతనికి నేను చెప్పాలా?

ఈ బండి పుట్టుక తలుచుకుంటే మరీ చిత్రంగా వుంటుంది. కెనడాలో, క్విబెక్‌లో, 1934 చలికాలంలో, జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్కు రెండేళ్ళ కొడుకు జబ్బుపడ్డాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆస్పత్రికి తీసుకెళ్ళే సాధనం లేక పిల్లవాడు పోయాడు. ఆ తండ్రే మంచు మీద నడిచే బళ్ళ మీద పట్టుదలగా పనిచేసి, 1937లో పేటెంటు పొందాడు. 1959లో స్కీ-డూ పేరుతో చిన్న బండిని తెచ్చాడు. బాట లేని చోటికి పోవడానికి పుట్టిన బండి, ఈనాడు బాట నున్నగా లేదని అలుగుతోంది!

బాటలు ఎగుడుదిగుడుగా వుంటే నడుములు విరగవా, క్లబ్బుల్లో బద్ధకస్తులు లేరా అంటే, వుంటారు. చెప్పవలసింది చెప్పవలసిందే. కాని ముందు మన జాడ ఎక్కడ పడిందో చూసుకుని చెప్పాలి. 2023-24 చలికాలంలో మిన్నెసోటాలో మంచు సరిగ్గా పడక చాలా బాటలు తెరుచుకోనేలేదు. అలాంటి ఏళ్ళు వస్తున్నప్పుడు, పడిన నాలుగు అంగుళాల మంచునైనా పదిలంగా వాడుకోవద్దూ?

అంచేత పండగ పూట వెళ్ళే మన పిల్లలకి నాదొక మనవి. రాత్రి గ్రూమర్‌ది, పగలు మీది. ఎదురైతే పక్కకి తప్పుకుని ఆగండి. బాట వదిలి రైతు చేలోకి దూరకండి. ఒకడి ఆకతాయితనానికి ఆయన మర్నాడే బాట మూసేస్తే అందరికీ పోతుంది.

ఆదివారం పొద్దున కాఫీ గది బల్ల మీద క్లబ్బువాళ్ళ చందా డబ్బా కనిపించింది. నేను వేసింది చిన్న నోటే. మా మరిది నా వెనకే నిలబడి, ఏమీ మాట్లాడకుండా, పెద్ద నోటు మడిచి వేశాడు. ఆ సాయంత్రం చీకటి పడ్డాక మా బళ్ళు షెడ్డులోనే వున్నాయి. పిల్ల మాత్రం, "పెద్దమ్మా, బాటకి అడ్డంగా మీ అమ్మమ్మ పీట వేస్తే ఎలా వుంటుంది?" అంది.

వేస్తే బావుండును. ఈ వ్యాసం మా మరిది చదువుతాడు. చదవాలనే రాశాను.